ఎల్‌ఎన్‌బీ మీద రాసి ఉన్న 0.1

మా ఊరు నల్లగొండ జిల్లా నకిరేకల్‌కు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ మా డాబా పిట్టగోడకు బిగించిన 60 సెంటీమీటర్ల డిష్ ముందు, పిడికిలంత ప్లాస్టిక్ డబ్బాలో, ఉపగ్రహ సంకేతాన్ని పెంచి, ఫ్రీక్వెన్సీ తగ్గించి కేబుల్‌లోకి పంపే ఎల్‌ఎన్‌బీ ఉంది. ఎండకు వెలిసిపోయిన దాని స్టిక్కర్ మీద మూడు సంగతులు ఇప్పటికీ చదవవచ్చు: లోకల్ ఆసిలేటర్ (ఫ్రీక్వెన్సీ తగ్గించడానికి లోపల పుట్టించే సంకేతం) 9.75, 10.6 గిగాహెర్ట్జ్, గెయిన్ (సంకేతాన్ని ఎంత పెంచుతుందో) 60 డీబీ, నాయిస్ ఫిగర్ (తన వంతుగా ఎంత రొద కలుపుతుందో) 0.1 డీబీ. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోది నిజం కాదని తేల్చుకోవడానికి ఒక వేసవి పట్టింది. ఎంటెక్ కోసం నేను రాసి సమర్పించిన 80 పేజీల థీసిస్ కంటే ఆ వేసవే నా అసలు చదువు అని ఇప్పుడు అనుకుంటున్నాను. మా జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో సర్క్యూట్ డిజైన్, ఉపగ్రహ సమాచార వ్యవస్థల పేరుతో మేము చేస్తున్న పరిశోధనలో చాలా భాగం పరిశోధన కాదని నా అభిప్రాయం. దాన్ని పరిశోధన చేయడానికి కావలసిన ప్రయోగశాలలో సగం మా డాబాల మీదనే ఉందని కూడా నా అభిప్రాయం. ఈ రెండో మాట చెప్పే ధైర్యం లేకపోతే మొదటి మాట అనే హక్కు నాకు ఉండదు కనుక రెండింటినీ కలిపే రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. బీటెక్‌లో మా బ్యాచ్ మేజర్ ప్రాజెక్టు మైక్రోస్ట్రిప్ ప్యాచ్ యాంటెనా, అంటే సర్క్యూట్ బోర్డు మీద రాగి పలకతో చేసే యాంటెనా. దాన్ని మేము చేయలేదు, హైదరాబాద్‌లోని ఒక ప్రాజెక్టు సెంటర్‌లో నలుగురం చందాలు వేసుకుని కొనుక్కొచ్చాం. యాంటెనా పనితీరును కంప్యూటర్‌లో లెక్కగట్టిన సిమ్యులేషన్ ఫైలు, బైండింగ్ చేయించిన రిపోర్టు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబుల కాగితం, అన్నీ ఒకే సంచిలో ఇచ్చారు. యాంటెనా మాత్రం ఆ సంచిలో లేదు. మమ్మల్ని పరీక్షించిన వారు కూడా అది ఏదని అడగలేదు. ఎంటెక్‌కు వచ్చాక ఆ సిగ్గుతోనే కావచ్చు, సొంతంగా ఒక పని చేయాలని పట్టుబట్టి, మనం ఎక్కడున్నామో చెప్పే మన దేశపు నావిక్ ఉపగ్రహాల సంకేతాలను అందుకునే రిసీవర్‌కు మొదటి మెట్టుగా ఉండే, రొద తక్కువ కలుపుతూ సంకేతాన్ని పెంచే లో నాయిస్ యాంప్లిఫయర్‌ను ఎంచుకున్నాను. నావిక్ సంకేతాలలో ఒకటి ఎల్5 బ్యాండులో 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. 2013 జులై 1న మొదటి ఉపగ్రహం ఎగిరినప్పటి నుంచి అది మన నెత్తి మీదనే ఉంది. నల్లగొండ మీద ఎంత పడుతుందో బెంగళూరు మీదా దాదాపు అంతే పడుతుంది.

ఎంత పడుతుందన్నది ఒకసారి లెక్క కట్టి చూడకపోతే ఈ రంగం దేని గురించో అర్థం కాదు. తేలికైన ఉదాహరణగా మా డిష్‌నే తీసుకుందాం. అది చూస్తున్న జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంది. నల్లగొండ నుంచి చూస్తే ఆగ్నేయ దిక్కున, నేల నుంచి సుమారు 64 డిగ్రీల ఎత్తులో, దాదాపు 36,300 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ దూరం దాటి వచ్చేసరికి 11.7 గిగాహెర్ట్జ్ సంకేతం 205 డీబీలు తగ్గుతుంది. డీబీ అలవాటు లేనివారికి చెప్పాలంటే, ప్రతి 10 డీబీలూ ఒక పదింతలు, కనుక ఇది 1 పక్కన 20 సున్నాలు పెట్టి, ఆ వచ్చిన సంఖ్యను మళ్లీ మూడింతలు చేసి, దానితో భాగించినంత తగ్గుదల. ఉపగ్రహం మన వైపు గురిపెట్టి పంపే శక్తి 52 డీబీ వాట్లు (అంటే ఒక వాట్ కంటే 52 డీబీలు ఎక్కువ) అనుకుని, డిష్ కూడగట్టే 35 డీబీల లాభం కలిపినా, చివరికి ఎల్‌ఎన్‌బీ నోటికి చేరేది ఒక వాట్‌ను లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో సుమారు ఒకటిన్నర ముక్క. నావిక్ సంకేతానికి ఆ భాగ్యం కూడా లేదు. అరచేతిలో పట్టే యాంటెనాకు అందేది ఇందులో పదివేల వంతుకు కూడా తక్కువే. అది నాయిస్ కంటే పైన కాదు, నాయిస్ అడుగున పడి వస్తుంది. ఉపగ్రహం వాడే కోడ్ తెలిసి ఉండడం వల్ల మాత్రమే రిసీవర్ దాన్ని వెతికి పైకి తీయగలుగుతుంది.

నాయిస్ అన్నాను. తెలుగులో రొద అనవచ్చు కానీ చెవికి వినపడే రొదతో దీనికి సంబంధం లేదు. వేడి ఉన్న ప్రతి వస్తువూ, అంటే లోకంలో ఉన్న ప్రతి వస్తువూ, రేడియో తరంగాలను వెదజల్లుతూనే ఉంటుంది. గోడ, చెట్టు, మన ఒళ్లు, ట్రాన్సిస్టర్ లోపలి సిలికాన్, అన్నీ అంతే. అందుకే ఇంజనీర్లు నాయిస్‌ను వాట్లలో కాక ఉష్ణోగ్రతలో, కెల్విన్లలో చెప్పుకుంటారు. "ఈ యాంప్లిఫయర్ 50 కెల్విన్లది" అంటే దాన్ని ముట్టుకుంటే చల్లగా ఉంటుందని కాదు. అంత వేడి ఉన్న వస్తువును యాంటెనా ముందు పెడితే ఎంత నాయిస్ వచ్చేదో అంత నాయిస్‌ను అది తన వంతుగా కలుపుతుందని అర్థం. నాయిస్ ఫిగర్ 0.1 డీబీ అంటే ఆ లెక్కన ఏడు కెల్విన్ల లోపు. హీలియంతో అతి చల్లగా ఉంచే ఖగోళ రిసీవర్ల స్థాయి అది. నాలుగైదు వందల రూపాయలకు దొరికే డబ్బా, మే నెల ఎండలో మాడుతూ, ఆ పని చేస్తోందంటే అనుమానం రావాలి. నాకు ఆరేళ్లపాటు రాలేదు. పుస్తకంలో అచ్చైన అంకెను, స్టిక్కర్ మీద అచ్చైన అంకెను ఒకే భక్తితో చూసే అలవాటు మాకు చిన్నప్పటి నుంచే పడుతుంది.

రిసీవర్‌లో మొదటి మెట్టే ఎందుకు ముఖ్యమో 1944లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న హెరాల్డ్ ఫ్రిస్ ఒక చిన్న సూత్రంలో చెప్పాడు. వరుసగా ఉన్న మెట్లలో మొదటిది కలిపిన నాయిస్ పూర్తిగా లెక్కలోకి వస్తుంది. రెండోది కలిపినదాన్ని మొదటిదాని గెయిన్‌తో భాగించుకోవచ్చు. మూడోదాన్ని ఇంకా ఎక్కువతో భాగించుకోవచ్చు. నా బల్ల మీది లెక్కే చెబుతాను. డాబా మీది యాంటెనా నుంచి గదిలోకి పది మీటర్ల సన్న కేబుల్ దించితే ఎల్5 దగ్గర దాదాపు 6 డీబీలు అందులోనే పోతాయి. నా దగ్గరున్న, కంప్యూటర్‌కు తగిలించే చవక సాఫ్ట్‌వేర్ రేడియో నాయిస్ ఫిగర్ ఇంకో 6. మొత్తం 12. ఇప్పుడు 18 డీబీల గెయిన్, 0.9 డీబీల నాయిస్ ఫిగర్ ఉన్న యాంప్లిఫయర్‌ను కేబుల్ కింది కొసన, గదిలో పెడితే మొత్తం 7కు దిగుతుంది. అదే యాంప్లిఫయర్‌ను తీసుకెళ్లి పైన యాంటెనా మొదట్లో పెడితే 1.7 డీబీలే. వస్తువు ఒకటే, ఖర్చు ఒకటే, మారింది చోటు మాత్రమే. ఎల్‌ఎన్‌బీ డిష్ నోటి దగ్గరే వేలాడుతూ ఉండడానికి, సెట్‌టాప్ బాక్సులో లేకపోవడానికి కారణం ఇదే. బోరు దగ్గర కలిసిన మట్టి ఆఖరి మడికి చేరేదాకా నీళ్లతోపాటే పోతుంది, మధ్యలో ఎన్ని మోటార్లు పెట్టి తోడినా తేట పడదు అని చెబితే మా ఊళ్లో ఫ్రిస్ సూత్రం ఎవరికైనా ఎక్కుతుంది.

సరే, నా యాంప్లిఫయర్ సంగతి. సిమ్యులేషన్‌లో అది అద్భుతంగా పనిచేసింది. 18 డీబీల గెయిన్, 0.55 డీబీల నాయిస్ ఫిగర్, ఇన్‌పుట్ దగ్గర చక్కటి మ్యాచింగ్ (వచ్చిన సంకేతం వెనక్కు తిరిగిపోకుండా). ఆ మూడు గ్రాఫులు రంగుల్లో వేసి పత్రంలో పెడితే ఒక సదస్సువారు అచ్చు వేశారు. థీసిస్‌కు అది చాలన్నారు. అయినా బోర్డు చేయిద్దామని పట్టుబట్టి, బోర్డులకు వాడే మామూలు గాజునార పదార్థం ఎఫ్ఆర్4 మీద, 1.6 మిల్లీమీటర్ల మందంతో ఐదు బోర్డులు తెప్పించుకున్నాను. పార్టులు అతికించి ఐదు వోల్టులు ఇస్తే ట్రాన్సిస్టర్ 60 మిల్లీయాంపులు తీసుకోవలసింది 41 తీసుకుంది. పొరపాటు వెతుకుతూ చేయి బోర్డు మీదికి తెచ్చాను. ఇంకా ముట్టుకోలేదు, అంగుళం దూరంలో ఉన్నాను. మల్టీమీటర్‌లో అంకె 41 నుంచి 47కు, చేయి వెనక్కు తీస్తే మళ్లీ 41కి. ట్యూబ్‌లైట్ చోక్ మీద చేయి పెట్టినట్టు ఒళ్లు జలదరించింది. డీసీ కరెంటుకు నా చేతితో ఏం పని? పని ఉందంటే ఒక్కటే అర్థం: అది యాంప్లిఫయర్‌గా లేదు, ఆసిలేటర్ అయింది. ఎక్కడో తనకు తానే సంకేతం పుట్టించుకుంటోంది, నా చేయి దాని పక్కన కెపాసిటర్‌లా పనిచేస్తోంది.

కారణం తెలియడానికి మూడు వారాలు పట్టింది. సిమ్యులేషన్‌లో ట్రాన్సిస్టర్ కాలును గ్రౌండ్‌కు కలుపుతూ ఒక గుర్తు పెట్టి వదిలేశాను. కాగితం మీద గ్రౌండ్ అంటే సున్నా. బోర్డు మీద గ్రౌండ్ అంటే అడుగు పొరకు దిగే ఒక సన్న రంధ్రం. 1.6 మిల్లీమీటర్ల లోతున్న అలాంటి రంధ్రానికి సుమారు 1.2 నానోహెన్రీల ఇండక్టెన్స్, అంటే మారే కరెంటును అడ్డుకునే గుణం, ఉంటుంది. 1176 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 9 ఓమ్‌లు. నేను సున్నా అనుకున్న చోట తొమ్మిది ఓమ్‌లు కూర్చుని ఉన్నాయి. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది: సర్క్యూట్ స్థిరంగా ఉంటుందా లేదా అన్న పరీక్షను 1 నుంచి 1.5 గిగాహెర్ట్జ్ దాకా మాత్రమే నడిపాను, నాకు కావలసిన బ్యాండు అదే కదా అని. ట్రాన్సిస్టర్‌కు నా బ్యాండు ఏదో తెలియదు. దానికి గెయిన్ ఉన్న ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా అది పిచ్చెక్కగలదు. నాది 300 మెగాహెర్ట్జ్ దగ్గర ఎక్కింది. రంధ్రాల సంఖ్య పెంచి, సరఫరా దారిలో చిన్న రెసిస్టర్ వేసి, గెయిన్ కొంత వదులుకుంటే సద్దుమణిగింది. అచ్చయిన పత్రంలోని మూడు గ్రాఫులలో ఈ సంగతి ఒక్కటీ లేదు. ఆ పత్రాన్ని నమ్మి ఎవరైనా బోర్డు చేయిస్తే వారికీ ఇదే గతి పడుతుంది. అది ఇప్పటికీ నా పేరు మీద ఉంది.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. సిమ్యులేషన్ తప్పని నేను అనడం లేదు. అది లేకుండా ఎవరూ సర్క్యూట్ డిజైన్ చేయలేరు. పైగా ఇవాళ అది చేతికి అందుతోంది. 2020 నుంచి స్కైవాటర్ అనే చిప్‌ల తయారీ కంపెనీ 130 నానోమీటర్ల ప్రాసెస్ వివరాలు ఉచితంగా దొరుకుతున్నాయి, ఎన్‌జీస్పైస్, మ్యాజిక్ వంటి సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టనక్కర లేదు. దేవరకొండలో ఉన్న విద్యార్థి కూడా ల్యాప్‌టాప్ మీద చిప్ గీయవచ్చు. నేను అంటున్నది, సిమ్యులేషన్ చెప్పేది మనం దానికి చెప్పిన దాన్నే అని. గ్రౌండ్ సున్నా అని మనం చెబితే అది సున్నా అనే నమ్ముతుంది. మనకు తెలియని దాన్ని మనకు చెప్పగలిగేది కొలత ఒక్కటే. ఒక అంకెను తన చేతులతో కొలిచి, అందులో తప్పు ఎంతదాకా ఉండవచ్చో తానే చెప్పగలిగేంతవరకు విద్యార్థి చేసిన పనిని పరిశోధన అనకూడదని నా పట్టుదల.

దీనికి వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఐదేళ్లు అదే చెప్పాను: మా దగ్గర పరికరాలు లేవు. నాయిస్ ఫిగర్ కొలిచే యంత్రం లక్షల్లో ఉంటుంది, కాలేజీ కొనదు, కొన్నా బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. నిజమే. కానీ ఆ యంత్రం చేసే పని ఏమిటి? ఒక వేడి వస్తువును, ఒక చల్లని వస్తువును యాంప్లిఫయర్‌కు మార్చి మార్చి చూపించి, అవుట్‌పుట్ ఎన్నింతలు మారిందో చూడడం. దాన్ని వై ఫ్యాక్టర్ పద్ధతి అంటారు. వేడి వస్తువు మన ఊళ్లో దొరకనిదా? చల్లని వస్తువు నెత్తి మీదనే ఉంది. మబ్బు లేని ఆకాశం 11, 12 గిగాహెర్ట్జ్ దగ్గర పది పదిహేను కెల్విన్లే ఉంటుంది, అందులో 2.7 విశ్వం పుట్టుక నాటి మిగులు.

ఆ 2.7 కూడా ఇలాగే దొరికింది. ఎకో అనే బెలూన్ ఉపగ్రహం కోసం కట్టిన కొమ్ము యాంటెనాతో 1964లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ నాయిస్ లెక్క కడుతుంటే దాదాపు 3.5 కెల్విన్లు ఎక్కడివో తేలలేదు. పావురాల రెట్టలు కడిగారు, కీళ్లకు టేపు చుట్టారు, అయినా పోలేదు. 1978లో దానికి నోబెల్ వచ్చింది. స్టిక్కర్ మీది అంకెను కళ్లకద్దుకునేవాడికి 3.5 కెల్విన్లు మిగిలాయన్న సంగతే తెలియదు.

డిష్ నుంచి ఎల్‌ఎన్‌బీని విప్పి, సాఫ్ట్‌వేర్ రేడియోకు కలిపి, 13 వోల్టుల అడాప్టర్‌తో కరెంటు ఇచ్చాను. మొదటిసారి మధ్యలో, ఆ కరెంటు రేడియోలోకి పోకుండా ఆపే కెపాసిటర్ వేయడం మరిచిపోయి ఒక రేడియోను కాల్చుకున్నాను. రెండో రేడియో కొనడానికి నెల రోజులు ఆగవలసి వచ్చింది. ఆటోమేటిక్ గెయిన్‌ను తీసేసి, చేత్తో ఒక విలువ దగ్గర నిలిపాను, లేకపోతే కొలుస్తున్న తేడాను రేడియోనే సరిచేసి మింగేస్తుంది. ఎల్‌ఎన్‌బీ నోరు విశాలంగా చూస్తుంది; ఉపగ్రహాల వరుస మనకు దక్షిణాన, నడినెత్తికి 20 డిగ్రీల దూరంలోనే ఉంటుంది కనుక, వాటి సంకేతం కలవకుండా డబ్బాను కొంచెం ఉత్తరానికి వంచాను. అది చల్లని కొలత. వేడి కొలతకు పెరట్లోని వేప చెట్టును వాడుకున్నాను. గుబురైన పచ్చని చెట్టు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటుంది, పీల్చుకునేది అంతే బాగా వెదజల్లుతుంది. పొద్దున ఎనిమిదింటికి, 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అది 305 కెల్విన్ల వస్తువు.

నాయిన మంచం మీద కూర్చుని చూసి, "ఏందిరా, ఆ డబ్బను చెట్టుకు సూపెట్టవడితివి?" అన్నాడు. చెట్టు వేడెంతనో చూస్తున్న నాయినా అన్నాను. "చెయ్యి వెట్టి చూస్తే తెలుస్తది గద" అన్నాడు.

ఆకాశం నుంచి చెట్టుకు తిప్పితే శక్తి 5.9 డీబీలు పెరిగింది. ఇరవై సార్లు తిప్పాను, 5.7కు 6.1కి మధ్యనే ఉంది. ఆకాశాన్ని 15 కెల్విన్లుగా తీసుకుంటే ఎల్‌ఎన్‌బీ వాటా 85 కెల్విన్లు, నాయిస్ ఫిగర్ 1.1 డీబీ. స్టిక్కర్ చెప్పిన 0.1 నిజమైతే పెరుగుదల 11.6 డీబీలు ఉండాలి. నా పద్ధతి మోటుదే, ఒప్పుకుంటాను. ఆకాశం ఎంత చల్లనో నేను కొలవలేదు, అనుకున్నాను. పక్కింటి గోడ ఎంతో కొంత లోపలికి వచ్చి ఉండవచ్చు. అందుకే ఆకాశాన్ని 25 అనుకుని మళ్లీ లెక్క వేశాను: 0.96 వచ్చింది. ఎవరూ ఒప్పుకోనంత ఎక్కువగా 50 అనుకున్నా 0.5 దగ్గర ఆగుతుంది. ఎటు తిప్పినా 0.1 రాదు. తప్పుకు ఎంత చోటిచ్చినా మారని ముగింపు ఒకటి నా చేతికి వచ్చిన మొదటి సందర్భం అది. దానికైన ఖర్చు, కాలిపోయిన రేడియోతో కలిపి, ఒక సదస్సుకు కట్టే రిజిస్ట్రేషన్ ఫీజు కంటే తక్కువ.

ఈ ఫలితాన్ని మా ఊళ్లో డిష్‌లు బిగించే అన్నకు గొప్పగా చెప్పాను. ఆయన నవ్వాడు. "గా స్టిక్కర్ల రాతలు ఉత్తయే తమ్మీ. మొగులైనప్పుడు ఆగుతదా ఆగదా, నేను గదొక్కటే చూస్త" అన్నాడు. ఆ మాటను నేను చాలా రోజులు మోశాను, ఎందుకంటే అందులో నా పాఠ్యపుస్తకం సరిగ్గా చెప్పని సంగతి ఉంది. వానలో టీవీ ఆగిపోవడానికి కారణం వాన సంకేతాన్ని మింగడమేనని మాకు చెప్పారు. అది సగమే. మింగే ప్రతిదీ వెదజల్లుతుంది కదా, వేప చెట్టు లాగే. వాన 3 డీబీలు మింగిందంటే సంకేతం సగమవుతుంది. అదే సమయంలో 15 కెల్విన్లున్న ఆకాశం 140 కెల్విన్లకు ఎగబాకుతుంది. నా ఎల్‌ఎన్‌బీ 85తో కలిపితే మొత్తం నాయిస్ 100 నుంచి 225కు చేరుతుంది, అంటే ఇంకో 3.5 డీబీల నష్టం. పోయింది మూడు కాదు, ఆరున్నర. ఎల్‌ఎన్‌బీ ఎంత మంచిదైతే ఈ రెండో దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. కనుక మబ్బు పట్టిన రోజు ఖరీదైనదానికీ చవకదానికీ మధ్య తేడా పల్చబడుతుంది. ఆయన ఇరవై ఏళ్లుగా పిట్టగోడల మీద చూస్తున్నది అదే.

కొత్తదనం ఏముంది, ఇదంతా తెలిసిందే కదా అన్నది రెండో అభ్యంతరం. పద్ధతి పాతదే. కానీ వానకు ఎంత సంకేతం పోతుందో లెక్కించడానికి ప్రపంచమంతా వాడే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) విధానం, ఏడాదిలో 0.01 శాతం కాలం, అంటే దాదాపు 53 నిమిషాలు, ఎంత జోరు వాన మించుతుందన్న అంకె మీద ఆధారపడుతుంది. ఆ అంకెను మనం పటంలో చూసి తీసుకుంటాం. పాలమూరులో ఆ 53 నిమిషాలు ఎప్పుడు, ఎలా వస్తాయో, మే నెల గాలివానలోనా, ఆగస్టు ముసురులోనా, ఒక వానమాపకం, ఒక ఎల్‌ఎన్‌బీ ఉన్న విద్యార్థి రెండేళ్లు కూర్చుంటే రాసిపెట్టగలడు. మా పొలాల దగ్గర కొలవదగ్గ ఇంకొక సంగతి ఉంది, మోటార్లు పుట్టించే రేడియో రొద. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు, అందరూ తీయలేదు. 2023లో రెండు 53 సెంటీమీటర్ల కడ్డీలను 120 డిగ్రీల కోణంలో కట్టి, 137 మెగాహెర్ట్జ్ దగ్గర అమెరికా వారి నోవా వాతావరణ ఉపగ్రహాల చిత్రాలు పట్టేవాడిని. సెకనుకు రెండు గీతల చొప్పున చిత్రం దిగుతుంది. పక్క చెలకలో స్టార్టర్ టక్కుమన్న ప్రతిసారీ బంగాళాఖాతం మీద ఒక తెల్ల చుక్క పడేది. ఓల్టేజీ తక్కువై కాంటాక్టర్ కొట్టుకుంటే వరుసగా చుక్కలు. సాయంత్రం చవక ఎల్‌ఈడీ బల్బులు వెలిగితే చుక్కలు కాదు, పట్టీలే. ఆ ఉపగ్రహాలు మూడూ 2025 జూన్, ఆగస్టు మధ్య సేవ నుంచి తప్పుకున్నాయి. ఊరి రేడియో రొద ఎంతో, ఏ వేళకు ఎంతో కొలిచి పెట్టుకునే అవకాశం నా చేతిలో ఉండగా నేను చిత్రాల అందం చూసుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలంటే రష్యా వారి వాతావరణ ఉపగ్రహం మెటియోర్‌ను పట్టుకోవాలి.

మాకు ఉపగ్రహాలు తయారు చేయాలని ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ పని చేసే కంపెనీలు వచ్చాయి కనుక ఆ కోరికలో తప్పు లేదు. కానీ ఉపగ్రహ సమాచారంలో సగం నేల మీద ఉంటుంది, ఆ సగంలో మన ప్రాంతానికి పాత చుట్టరికం ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 ఊళ్లకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో, ఊళ్లలో పెట్టిన రిసీవర్ సెట్లు హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. కోళ్ల గూటికి వాడే జాలీతో మూడు మీటర్ల డిష్, దాని మధ్యన 860 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని అందుకునే చిన్న సర్క్యూట్. పైన 9 మీటర్ల యాంటెనా ఉన్న ఉపగ్రహం బరువంతా మోసింది కనుక కింద జాలీ సరిపోయింది. అయినా ఆ చిన్న సర్క్యూట్ నాయిస్ లెక్క ఎవరో కట్టకుండా అది పనిచేసి ఉండదు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో 1979లో పెట్టిన భూకేంద్రం ఇవాళ్టికీ దూరసంవేదన ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుంటోంది. అక్కడ కూడా అన్నిటికంటే ముందుండేది పెద్ద డిష్ మెడలోని యాంప్లిఫయరే.

పత్రాల సంఖ్య గురించిన అభ్యంతరానికి నా దగ్గర మంచి జవాబు లేదు. కాలేజీకి అక్రెడిటేషన్ కావాలి, అధ్యాపకుడికి పదోన్నతి కావాలి, సిమ్యులేషన్ పత్రం మూడు నెలల్లో వస్తుంది, కొలత పత్రం మూడేళ్లకు కూడా రాకపోవచ్చు. ఒక విద్యార్థి ఈ వ్యవస్థను మార్చలేడు. తన పత్రంలో "ఈ ఫలితాలు సిమ్యులేషన్‌వి, బోర్డు చేయలేదు" అన్న వాక్యాన్ని మొదటి పేజీలోనే రాయగలడు. నేను రాయలేదు.

ఇప్పుడు నా బల్ల మీదున్న చిక్కు ఇది. పొద్దున 5.9 వచ్చే కొలత మధ్యాహ్నం రెండింటికి 5.7కు దిగుతోంది. చెట్టు వేడెక్కింది కనుక తేడా పెరగాలి, తగ్గుతోంది. ఎండకు ఎల్‌ఎన్‌బీ లోపలి ట్రాన్సిస్టర్ వేడెక్కి తన నాయిస్‌ను 85 నుంచి 95 కెల్విన్లకు పెంచుకుంటే సరిగ్గా అంత తగ్గుదలే రావాలి, కానీ 5.7 నా తప్పు హద్దు లోపలే ఉంది కనుక ఆ మాట ఇంకా అనలేను. డబ్బా వెనుక ఒక చిన్న ఉష్ణమాపకాన్ని టేపుతో అతికించి, మొదటి రోజు నాలుగు గంటలపాటు అంకెలు రాసుకున్నాను. రెండో రోజు మొగులు పట్టింది. ఆకాశం చల్లగా లేదు కనుక డబ్బాను విప్పి లోపల పెట్టాను.